సంతకం పెట్టేది ఒకరు, ఊరు ఇంకొకరిది: నిజాం పొత్తులు, మన అడవి

 

ఈ పోస్టు పొడుగ్గా ఉంటది, కొంచెం ఓపిక పట్టి చదవండి. మన గ్రూపులో కొన్ని రోజులుగా ఒకటే చర్చ నడుస్తోంది. పెద్ద సంఘాలు కలిసి పెడుతున్న జేఏసీలో మన యువజన సంఘం చేరాలా, లేక మన జెండా మనమే పట్టుకుని విడిగా ఉండాలా? చేరితే బలం వస్తదని కొందరు, చేరితే మనల్ని మింగేస్తరని కొందరు. ఆదివారం మీటింగులో తేలుస్తం అన్నారు. ఆ లోపల మేము చెప్పాలనుకున్నది ఒక చరిత్ర ముచ్చట.

మేము అంటే అమీర్‌పేటలో ఒకే హాస్టల్ గదిలో ఉండే ఐదుగురం. అందరి ఇళ్లలోనూ కాలేజీ గడప తొక్కింది మేమే మొదలు. మైత్రీవనం పక్క సందులో గ్రూప్స్ కోచింగ్ క్లాసులో సారు ఈ మధ్య ‘వ్యూహాత్మక స్వయంప్రతిపత్తి’ అనే పాఠం చెప్పారు. భారతదేశం అమెరికా, జపాన్, ఆస్ట్రేలియాలతో క్వాడ్‌లో కూర్చుంటది, రష్యా, చైనాలతో బ్రిక్స్‌లోనూ కూర్చుంటది, ఎవరి గుంపులోనూ పూర్తిగా కలవదు, ఇదీ దాని అర్థం. బోర్డు నిండా బాణాలు గీశారు. పాఠం అర్థమైంది గానీ ఉదాహరణలన్నీ ఢిల్లీవి, న్యూయార్కువి. మేము కూర్చున్న చోటు నుంచి పంజాగుట్ట చౌరస్తా దాటి సోమాజిగూడ వైపు నడిస్తే రాజ్‌భవన్ వస్తది. ఒకప్పుడు దాని పేరు షా మంజిల్, హైదరాబాద్ రాజ్య ప్రధానమంత్రి ఉండే ఇల్లు. దారిలో కనిపించే ఎర్రమంజిల్ కూడా నిజాం కొలువులోని ఫక్రుల్ముల్క్ అనే నవాబు కట్టించుకున్నదే. ఎవరితో పొత్తు పెట్టుకోవాలి, ఎంత దూరంలో ఉండాలి అని నూటయాభై ఏళ్లకు పైగా తలలు బద్దలు కొట్టుకుని చివరికి అన్నీ పోగొట్టుకున్న రాజ్యం నడిచిన వీధులు ఇవి. ఆ పాఠానికి ఇంతకంటే దగ్గరి ఉదాహరణ ఎక్కడుంది?

మొదటి నిజాం 1724లో మొఘల్ పాదుషా పంపిన సుబేదారును శక్కర్‌ఖేడ యుద్ధంలో ఓడించి దక్కన్‌ను తన చేతిలోకి తీసుకున్నాడు. అయినా నేనే పాదుషాను అనలేదు. నాణేల మీద ఢిల్లీ పాదుషా పేరే ఉంచాడు. పేరు ఢిల్లీది, పెత్తనం తనది. ఆ తెలివి 1857 దాకా వంశం మొత్తానికీ పనికొచ్చింది. చుట్టూ మాత్రం మరాఠాలు, తర్వాత మైసూరు హైదరలీ, సముద్రం ఒడ్డున ఇంగ్లీషు కంపెనీ, ఫ్రెంచి కంపెనీ. ఇవాళ ఒకరితో, రేపు ఇంకొకరితో ఉండక తప్పని పరిస్థితి.

1766లో నిజాం అలీఖాన్ ఇంగ్లీషు కంపెనీతో ఒప్పందం రాసుకున్నాడు. ఉత్తర సర్కారులు కంపెనీకి, బదులుగా ఏటా కొంత సొమ్ము, అవసరమైతే సైన్యం సాయం. ఉత్తర సర్కారులంటే బడి పుస్తకంలో కోస్తా అని రాస్తారు, పంట పొలాలు, రేవులు గుర్తొస్తాయి. కానీ వాటిలో రాజమండ్రి సర్కారు వెనకాల రంప కొండలున్నాయి, చికాకోల్ సర్కారు వెనకాల సవర, జాతాపుల కొండలున్నాయి. ఆ కొండల మీదివాళ్లకు తాము చేతులు మారినట్టు ఎవరూ చెప్పలేదు. వంద ఏళ్ల తర్వాత, 1879లో, కల్లు మీద పన్ను, ముఠాల మీద కొత్త పెత్తనం నెత్తిన పడ్డప్పుడు తెలిసింది. అప్పుడు రంప లేచింది.

1790లో ముగ్గురి కూటమి కట్టారు. ఇంగ్లీషువాళ్లు, పూనా మరాఠాలు, నిజాం కలిసి టిప్పు మీదికి. సారు భాషలో చెప్పాలంటే బహుపాక్షిక ఒప్పందం. 1792లో టిప్పు రాజ్యంలో సగం తీసుకుని ముగ్గురూ పంచుకున్నారు. లంబాడా మిత్రులకు ఇక్కడ ఒక మాట. ఆ దండయాత్రలో కారన్‌వాలీసు సైన్యం ఆకలితో చావకుండా బియ్యం మోసింది బంజారాల ఎడ్లే. తండాకు తండా ఎడ్ల మందలతో దండు వెంట కదిలింది. కూటమి చరిత్రలో వాళ్ల పేర్లు ఉండవు, ఎడ్ల లెక్క మాత్రం అక్కడక్కడా ఉంటది.

మూడేళ్లు కాలేదు, 1795 మార్చిలో అదే కూటమిలోని మరాఠాలు నిజాం మీదికి వచ్చారు. ఖర్దా దగ్గర నిజాం చిత్తుగా ఓడిపోయాడు. మరి మూడోవాడైన ఇంగ్లీషువాడు? నాకు ఇద్దరూ స్నేహితులే, నేను మధ్యలో రాను అన్నాడు. ముగ్గురు కలిసి రాసుకున్న కాగితంలో బయటి శత్రువు గురించి ఉంది గానీ, లోపలివాడే మీద పడితే ఏం చేయాలో లేదు. ఆదివారం మాట్లాడేటప్పుడు ఇది గుర్తుంచుకోవాలని మా కోరిక.

కోపమొచ్చిన నిజాం ఇంగ్లీషు పటాలాలను వెళ్లగొట్టి, ఫ్రెంచి రేమండ్ సైన్యాన్ని పెంచాడు. సుమారు 14,000 మంది. మలక్‌పేట వైపు రేమండ్ సమాధి ఇప్పటికీ ఉంది, మూసారాంబాగ్ పేరు అతనిదే అంటారు. మాకు ఈ ఎత్తు తప్పుగా అనిపించదు. ఒక పొత్తు మోసం చేస్తే ఇంకో కాలు కింద పెట్టుకోవడం బతకనేర్చినవాళ్ల పని. పొరపాటు ఎక్కడంటే, ఆ రెండో కాలు కూడా అద్దె కాలే. 1798 మార్చిలో రేమండ్ చనిపోయాడు. అదే సెప్టెంబరు 1న నిజాం కంపెనీతో సైన్య సహకార ఒప్పందం మీద సంతకం చేశాడు. ఆరు ఇంగ్లీషు పటాలాలు ఇక్కడే ఉంటాయి, వాటి ఖర్చు ఏటా 24 లక్షల పైచిలుకు నిజాం ఖజానా నుంచి. అక్టోబరులో ఫ్రెంచి సైన్యం చేతిలో తుపాకులు లాగేశారు. జీతాలు బాకీ పడి ఉన్న సిపాయిలు తమ అధికారుల మీదే తిరగబడి ఉండటంతో పెద్దగా పోట్లాట కూడా జరగలేదు. 1800లో మరో ఒప్పందం. ఖర్చు కింద టిప్పు నుంచి వచ్చిన జిల్లాలన్నీ, అంటే బళ్లారి, అనంతపురం, కడప ప్రాంతం, కంపెనీకే తిరిగిచ్చేశాడు. దత్తమండలాలు అనేది ఆ ఇచ్చేసిన నేలకే. ఇంకెవరితో మాట్లాడాలన్నా కంపెనీని అడగాలనే షరతు కూడా అందులోనే పడింది.

క్లాసులో ఇక్కడిదాకా చెప్పి, స్వాతంత్ర్యం పోయింది అని గీత కొట్టేస్తారు. మాకు ఆ తర్వాత జరిగిందే ముఖ్యం అనిపిస్తది. ఒప్పందంలో లేని ఇంకో సైన్యం పుట్టింది, దానికే హైదరాబాద్ కాంటింజెంట్ అని పేరు. ఇంగ్లీషు అధికారులు, నిజాం జీతం. దాని పని బయటి శత్రువుతో కాదు, లోపలి జనంతో. శిస్తు కట్టని చోటికి, జమీందారు తిరగబడ్డ చోటికి పంపేవాళ్లు. సొంత ప్రజలను అదుపులో పెట్టడానికి బయటివాడి తుపాకి వాడుకున్న రాజు ఆ తుపాకి కిరాయికి అప్పుల పాలయ్యాడు. 1853లో డల్హౌసీ ఆ బాకీ చూపించి బేరారును, రాయచూర్ అంతర్వేదిని, ఉస్మానాబాద్ వైపు జిల్లాలను చేతికింద పెట్టుకున్నాడు. బేరారు పోవడం అంటే నవాబులకు పత్తి పండే నల్లరేగడి పోవడం. మనకు? ఆదిలాబాద్ పక్కన పెన్‌గంగ నదికి అవతల యవత్మాల్‌లో కూడా గోండులు, కొలాములు ఉన్నారు. ఒకే పెర్సా పెన్, ఒకే గోత్రాలు, అటూ ఇటూ పెండ్లిండ్లు. ఏరు దాటి చుట్టపింటికి పోతే ఇంకో సర్కారు రాజ్యం అయింది.

1857లో నిజాం, దివాను సాలార్‌జంగ్ ఇంగ్లీషువాళ్ల పక్కనే నిలబడ్డారు. జులై 17న తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్ జనంతో కోఠీ రెసిడెన్సీ మీదికి పోతే కాపాడింది ఇంగ్లీషువాళ్లనే. దానికి బహుమానంగా 1860 ఒప్పందం వచ్చింది. యాభై లక్షల అప్పు మాఫీ, రాయచూర్ అంతర్వేది, ఉస్మానాబాద్ వాపసు, షోరాపూర్ అదనం. బదులుగా ఇంగ్లీషువాళ్లు అడిగింది గోదావరి ఎడమ ఒడ్డున కొంత నేల. అదేమిటో తెలుసు గదా? భద్రాచలం, రేకపల్లి తాలూకాలు. కోయల ఊళ్లు. పెద్ద లెక్కల్లో చిల్లర కింద వెళ్లిపోయాయి.

ఇక్కడ కొంచెం ఆగుదాం, ఎందుకంటే ఈ చిల్లర కథ ఇప్పటికీ అయిపోలేదు. 1860 తర్వాత ఆ ఊళ్లు మధ్య పరగణాలలో కలిశాయి. 1874లో మద్రాసుకు మార్చారు, గోదావరి జిల్లా అయింది. 1959లో తూర్పు గోదావరి నుంచి తీసి ఖమ్మంలో కలిపారు. 2014లో పోలవరం కోసం, భద్రాచలం ఊరు తప్ప, చింతూరు, కూనవరం, వరరామచంద్రాపురంతో సహా ఏడు మండలాల నేలను ఆంధ్రప్రదేశ్‌కు ఇచ్చారు. 2022లో చింతూరు అల్లూరి సీతారామరాజు జిల్లా అయింది. మా గదిలో ఒకడిది అటువైపే. వాళ్ల తాత తూర్పు గోదావరిలో పుట్టాడు, నాన్న ఖమ్మంలో, వీడూ ఖమ్మంలోనే. ఇప్పుడు ఇంటి అడ్రసు ఆంధ్రా, చదువు హైదరాబాద్. నువ్వు లోకలా నాన్ లోకలా అని ప్రతి దరఖాస్తు అడుగుతది. వాళ్ల ఇల్లు ఒక్క అడుగు కూడా జరగలేదు.

అదే 1860లో నిర్మల్‌లో రాంజీ గోండును ఉరి తీశారు. ఆయన కథను మనం వెయ్యి ఉరుల మర్రి దగ్గరే ఆపేస్తాం, ఆయన కట్టిన కూటమి గురించి తక్కువ మాట్లాడతాం. గోండులతో పాటు రోహిల్లాలు, దక్కనీ ముస్లింలు ఆయన వెంట ఉన్నారు. భాష వేరు, దేవుడు వేరు, శత్రువు ఒక్కడే. సాలార్‌జంగ్ కట్టిన పొత్తుకు తోపులున్నాయి, ఖజానా ఉంది. రాంజీది ఓడిపోయింది. కానీ ఆ పొత్తు కోసం ఆయన ఎవరి ఊరినీ తాకట్టు పెట్టలేదు. విడిగా ఉండటమే ఆత్మగౌరవం అనే మిత్రులు రాంజీని ఒకసారి గుర్తు చేసుకోవాలి. మన మొదటి పెద్ద తిరుగుబాటు ఒంటరిది కాదు.

సాలార్‌జంగ్ 1876లో ఇంగ్లండ్ దాకా వెళ్లినా బేరారు రాలేదు. 1902లో ఏటా 25 లక్షలకు శాశ్వత కౌలు రాయించుకున్నారు. మొదటి ప్రపంచ యుద్ధంలో డబ్బు, మనుషులు ఇచ్చినందుకు 1918లో ఏడో నిజాంకు ‘విశ్వాసపాత్రుడైన మిత్రుడు’ అనే బిరుదు దొరికింది. మిత్రుడిననే ధీమాతో, బేరారు విషయంలో మనిద్దరం సమానులం, పంచాయితీ పెట్టి తేల్చుకుందాం అన్నాడు. 1926 మార్చిలో వైస్రాయ్ రీడింగ్ జవాబు రాశాడు. ఇండియాలో బ్రిటిష్ సార్వభౌమత్వమే పైది, ఏ సంస్థానాధీశుడూ సమానంగా కూర్చుని మాట్లాడే హక్కు అడగలేడని. మిత్రుడు అనే మాటకు అర్థం ఆ ఒక్క ఉత్తరంతో తేలిపోయింది.

ఇక జోడేఘాట్. 1940. ఆ పోరాటం గురించి ఈ గ్రూపులో కొత్తగా చెప్పేదేమీ లేదు, అందరం పెరిగిందే ఆ కథతో. అయినా ఒక విషయం. కుమ్రం భీం వేరే దేశం అడగలేదు. పన్నెండు ఊళ్ల మీద మా పెత్తనం మాకు ఉండనీయండి, అడవి జవాన్ల జులుం ఆపండి, జల్ జంగల్ జమీన్ మావి అన్నాడు. పట్టాలు ఇస్తాం ఊరుకో అంటే, పట్టాతో పాటు రాజ్యం కూడా కావాలి అన్నాడని మన పెద్దలు చెప్తారు. అంటే నిజాం రాజ్యంలో ఉంటూనే లోపల స్వయంపాలన. సారు బోర్డు మీద రాసిన మాటే. దానికి నిజాం సర్కారు ఇచ్చిన జవాబు తుపాకి. తర్వాత హైమెండార్ఫ్ అనే ఆస్ట్రియా దేశపు పండితుణ్ణి పిలిచి ఎందుకు తిరగబడ్డారో కనుక్కోమన్నారు. 1943లో మార్లవాయిలో గోండి పంతుళ్ల శిక్షణ బడి వచ్చింది, ఆ తర్వాత గిరిజన ప్రాంతాల చట్టం వచ్చింది. మంచివే, మన తాతల్లో కొందరు అక్షరం ముక్క నేర్చింది అక్కడే. కానీ భీం అడిగింది అది కాదు.

ఇప్పుడు 1947కు రండి. అదే నిజాం, జూన్‌లో, నేను ఇండియాలోనూ చేరను, పాకిస్తాన్‌లోనూ చేరను, ఆగస్టు 15 తర్వాత నాది స్వతంత్ర దేశం అని ఫర్మానా ఇచ్చాడు. నాలుగు వైపులా ఇండియానే ఉన్న 82,000 చదరపు మైళ్ల రాజ్యం. సముద్రం లేదు. లండన్ వకీలు వాల్టర్ మాంక్టన్‌ను పెట్టుకున్నాడు. రేవు కోసం గోవా పోర్చుగీసు వాళ్లతో బేరాలు నడిపారు. నవంబరు 29న ఏడాది కాలానికి యథాతథ ఒప్పందం కుదిరింది. విదేశాంగం, రక్షణ, రవాణా పాత పద్ధతిలోనే ఢిల్లీతో, మిగతావి తనకు. కొత్త ప్రధాని లాయక్ అలీ షా మంజిల్ నుంచి రాజ్యం నడిపాడు. ఒప్పందం ఇంకా తడి ఆరకముందే పాకిస్తాన్‌కు 20 కోట్ల అప్పు, భారత రూపాయి మీద ఆంక్షలు. సిడ్నీ కాటన్ అనే ఆస్ట్రేలియా పైలట్ రాత్రిపూట కరాచీ నుంచి విమానాల్లో ఆయుధాలు దించేవాడు. ఊళ్ల మీద కాశిం రజ్వీ రజాకార్లు పడ్డారు. 1948 జూన్‌లో మౌంట్‌బాటన్ పోయే ముందు చివరి బేరం పెట్టాడు. రజాకార్లను రద్దు చేయి, జనం ఎన్నుకునే ప్రభుత్వం పెట్టు, సైన్యానికి పరిమితి పెట్టుకో, మిగతాది చాలావరకు నీకే. హైదరాబాద్‌కు అంతకు మించిన స్వయంప్రతిపత్తి తర్వాత ఎప్పుడూ ఎవరూ ఇవ్వజూపలేదు. నిజాం వద్దన్నాడు. బయటి దేశాలను అంత నమ్మినవాడు, తన ప్రజలకు ఓటు ఇవ్వడానికి మాత్రం భయపడ్డాడని మా లెక్క.

ఆగస్టు 21న ఐక్యరాజ్యసమితి భద్రతా మండలికి టెలిగ్రామ్ వెళ్లింది. సభ్యత్వం లేని రాజ్యం కూడా ఫిర్యాదు చేయొచ్చనే 35వ అధికరణం కింద. మొయిన్ నవాజ్ జంగ్ బృందం పారిస్ వెళ్లింది. సెప్టెంబరు 13న భారత సైన్యం సరిహద్దు దాటింది. భద్రతా మండలి కూర్చున్నది 16న. 17న నిజాం చేతులెత్తేశాడు, 18న జనరల్ చౌధురి ఊళ్లోకి వచ్చాడు. 22న నిజామే ఫిర్యాదు వెనక్కి తీసుకుంటున్నా అని తంతి పంపాడు. బ్రిటన్ ‘విశ్వాసపాత్రుడైన మిత్రుడి’ కోసం సైన్యం కదిపిన దేశం ఒక్కటీ లేదు. ఖర్దా కథే మళ్లీ.

నష్టం ఎవరికి అంటే నిజాంకు కాదు. ఆయన రాజప్రముఖ్ అయ్యాడు, 1949 ఫిబ్రవరిలో బేగంపేట విమానాశ్రయంలో పటేల్‌కు చేతులు జోడించి స్వాగతం చెప్పాడు. లాయక్ అలీ గృహ నిర్బంధం నుంచి తప్పించుకుని 1950లో పాకిస్తాన్ చేరాడు. చచ్చింది మామూలు జనం. ముందు రజాకార్ల చేతిలో, సైన్యం వచ్చాక ఏ పాపం ఎరుగని వేలమంది ముస్లింలు. సుందర్‌లాల్ కమిటీ అది రాసిపెట్టింది, చాలా ఏళ్లు బయటికి రానివ్వలేదు. ఉస్మానాబాద్, నాందేడ్, బీదర్ పేర్లు ఆ రిపోర్టులో చదువుతుంటే, పొత్తుల పాఠం బాణాల బొమ్మలా అనిపించదు.

జోడేఘాట్ నుంచి పారిస్‌కు ఎనిమిదేళ్లు. పన్నెండు ఊళ్లకు ఇవ్వనన్నదాన్ని తన రాజ్యానికి ఇప్పించమని ప్రపంచాన్ని అడిగాడు నిజాం. ఆయన పక్షాన ఆ గోండు ఊళ్లు ఎందుకు నిలబడతాయి? పోనీ, భీం అడిగింది ఇచ్చి ఉంటే రాజ్యం మిగిలేదా అంటే, అదీ లేదు, అంత అమాయకంగా మేము అనుకోవడం లేదు. ఢిల్లీ ఊరుకునేది కాదు. కానీ బేరానికి కూర్చున్నప్పుడు వెనకాల జనం ఉన్న రాజు బేరం వేరే ఉంటది.

ఇక జేఏసీ. మాలో ఐదుగురిదీ ఒకే మాట కాదు. ముగ్గురం చేరాలి అంటున్నాం, ఇద్దరు వద్దంటున్నారు. ఐదో షెడ్యూల్, 1996 పెసా, 1997 సమతా తీర్పు, ఇవేవీ మనం ఒక్కళ్లమే కొట్లాడి తెచ్చుకున్నవి కావని ముగ్గురి వాదన. సంతకం చేసేటప్పుడు పిలిచి, పంచుకునేటప్పుడు మర్చిపోతారని ఇద్దరి వాదన. ఐదుగురం ఒప్పుకున్నది ఒకటుంది. మనకు పంపిన కాగితంలో ఉమ్మడిగా ఎవరి మీద కొట్లాడాలో నాలుగు పేజీలు ఉంది. జేఏసీలోని ఒక సంఘం మన ఊళ్ల భూమికే అడ్డం తిరిగితే మిగతావాళ్లు ఏం చేస్తారో ఒక్క లైను లేదు. బయటికి రావాలంటే ఎట్లా రావాలో లేదు. మన తరఫున ఎవరు మాట్లాడతారో, వాళ్లను మనం మార్చుకోవచ్చో లేదో లేదు. ఆదివారం ఈ మూడూ అడగాలని, ఆ కాగితాన్ని గోండిలో, కోయలో, లంబాడీలో ఊళ్లలో చదివి వినిపించేదాకా మన సంఘం ముద్ర దాని మీద పడొద్దని మేము తీర్మానం పెట్టబోతున్నాం. బలపరిచేవాళ్లు, వ్యతిరేకించేవాళ్లు ఇద్దరూ రండి. హైదరాబాద్‌లో ఉన్నవాళ్లకు పొద్దున పది గంటలకు మా హాస్టల్ మేడ మీద, ఊళ్లలో ఉన్నవాళ్లు ఫోన్‌లో.